కాలనీ నీళ్లు, నాయన మడి

మా ఆయన రేణిగుంట పక్కన ఒక కాలనీలో మురుగునీటిని శుద్ధి చేసే కేంద్రానికి ఇంజనీరు. ఇళ్ల మురుగును తేర్చి, అక్కడి నుంచి కాలవలోకి వదిలేవాళ్లు. ఆ కాలవ నా పుట్టినూరి మళ్ల మీదుగా పోయి ఏట్లో కలుస్తుంది, ఏరు సముద్రానికి పోతుంది. తొంభైల చివర్లో నాకు పెళ్లయిన కొత్తలో, ఎండాకాలంలో కూడా కాలవ పారుతోందని ఊరంతా మా ఆయన్ని మెచ్చుకుంది. నేను లోలోపల పొంగిపోయాను.

ఆ ఏడు నాయన వరి పైరు నల్లగా నిగనిగలాడుతూ నడుమెత్తు లేచింది.

"గుప్పెడు యూరియా గూడా సల్లలేదు అల్లుడా, సూడు!" అని నాయన ఆయన్ని గట్టు వెంబడి తిప్పాడు. ఆయన తలాడిస్తూ వెంట నడిచాడు.

ఎన్ను తీసే వేళకు చిన్న గాలి కొడితే పైరంతా పడిపోయింది. నూర్చితే సగానికి పైగా తాలు. మరుసటేడూ అంతే. కాలవ నిండా పచ్చటి నాచు కట్టింది. కాలవ ఊట దిగి మా బావి చెడిందని, ఆ నీళ్లు తాగొద్దని ఆసుపత్రి నర్సమ్మ చెప్పి పోయింది.

ఊరివాళ్లు అర్జీ పెట్టుకుంటే నీళ్లు పరీక్షించే అధికారి వచ్చాడు. మా ఆయన్నీ రమ్మన్నారు. అందరూ మా ఇంటి తిన్నె మీదే కూర్చున్నారు.

"మురికి హద్దులోనే ఉంది. శుద్ధి కేంద్రం నిబంధనల ప్రకారమే నడుస్తోంది," అన్నాడు అధికారి.

"మరి మా మళ్లు ఎందుకు పడిపోతా ఉండాయి సార్?" అని పక్క మడి పెద్దాయన అడిగాడు.

అధికారి మా ఆయన వైపు చూశాడు.

"మురుగు తేరుతుంది గానీ అందులోని నత్రజని, భాస్వరం పోవు పెద్దాయనా. అవి ఎరువే. మితిమీరితే పైరు ఏపుగా పెరిగి పడిపోతాది, నీళ్లలో నాచు పడతాది," అన్నాడు మా ఆయన.

"తీసేసే దారి లేదా?" అన్నాడు పెద్దాయన.

"ఉండాది. అవి ఇంతకు మించకూడదని సర్కారు మాకిచ్చిన అనుమతిలో హద్దు పెట్టలేదు. పెట్టందే యాజమాన్యం ఆ పని చెయ్యదు."

"అంటే తెలిసే వదల్తా ఉండారా అప్పా?"

నాయనే అందుకున్నాడు. "అల్లుడేం జేస్తాడబ్బా! ఆయప్ప జీతగాడు."

ఆ మాటకు నాకు తల కొట్టేసినట్టయింది. కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయినదాన్ని, అందరూ వెళ్లేదాకా బయటికి రాలేదు.

తిరుగుదారిలో అడిగాను, "నాయనకు మొదట్లోనే చెప్పొచ్చు కదా?"

"అంత మురిసిపోతా చూపిస్తా ఉంటే ఎట్ల చెప్పేది?" అన్నాడు. నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఆ తర్వాత, నత్రజనికీ భాస్వరానికీ హద్దు పెట్టమని అధికారిని ఆయనే కోరాడు. యాజమాన్యానికి కోపం వచ్చి ఆయన్ని దూరపు పనికి మార్చింది. కొన్నేళ్లకు కాలనీ పెద్దదై అనుమతి మార్చాల్సి వచ్చినప్పుడు ఆ హద్దులు పెట్టారు. వాటిని తీసేసే కొత్త తొట్లు కట్టారు. కాలవలో నాచు మెల్లగా తగ్గింది. అప్పటికే నాయన వరి మానేసి, మడంతా పశువుల గడ్డి వేసుకున్నాడు.

బావి మాత్రం బాగుపడలేదు. మేం వస్తున్నామంటే నాయన రేణిగుంటకు పోయి, సైకిలుకు కట్టుకుని క్యాను నీళ్లు తెచ్చేవాడు. అమ్మ ముందు అల్లుడికే చెంబు అందించేది. ఆయన ఎప్పుడూ దప్పిక లేదనే అనేవాడు.