జాన్సనోళ్ల రత్నమన్న

దునియల ఏ మూలకైనా, ఎవ్వని పేరు ఎన్కనైనా 'జాన్సన్' అని వినవడితే సాలు, మా రత్నమన్న ఒక్కటే మాట అంటడు.

"మావోడే."

ఆ మనిషి తెల్లోడా నల్లోడా, మొగోడా ఆడామెనా, బతికున్నడా సచ్చిపోయిండా, అవన్ని ఆయనకు అక్కెర లేదు. అమెరికాల ఇద్దరు జాన్సన్లు ప్రెసిడెంట్లు అయిండ్రంట. ఇద్దరు మావోళ్లే. బాస్కెట్‌బాల్ ఆడే జాన్సన్, మావోడే. పసిపిల్లల పౌడర్ డబ్బా మీద పేరు చూసి గూడ "మా దిక్కోళ్లే, జర ఉన్నోళ్లు, మాతోని రాకపోకలు లేవు" అనేటోడు.

నేను వెంకటయ్యను. వరంగల్ ఎనుమాముల మార్కెట్ల హమాలిని. ఇరవై రెండేండ్ల సంది బస్తాలు మోస్తాన. ఐదో తర్గతి కాడ నేను బడిని ఇడిశిపెట్టిన, ఇప్పుడు మోకాళ్లు నన్ను ఇడిశిపెడుతున్నయి. మా జట్టుల పద్నాలుగు మందిమి. అండ్ల పదమూడు మందికి చుట్టాలు హసన్‌పర్తి దాకనో, పరకాల దాకనో ఉంటరు. రత్నమన్నకు మాత్రం సముద్రాలు దాటి ఉన్నరు.

ఇరవై ఏండ్ల కింద ఆయన కేసముద్రం మార్కెట్ నుంచి మా జట్టుకు వచ్చిండు. వచ్చిన నాడే "నా పేరు జాన్సన్ రత్నం" అన్నడు. పెండ్లి లేదు, పిల్లలు లేరు. యాభై కిలోల బస్త ఈపు మీదికి ఎత్తితే పూలబుట్ట లెక్క నడుస్తడు. పని ఒడిశినంక చాయ హోటల్ల కూసోని పేపర్లు తిరగేస్తడు. తెలుగు పేపర్ సగం సగం సదువుతడు. ఇంగ్లీషు పేపర్ మాత్రం మొత్తం సూస్తడు.

"ఇంగ్లీషు రాకపాయె, జాన్సన్ పేరు ఎట్ల పట్టుకుంటవే అన్నా?" అని అడిగిన ఒకనాడు.

"మొదటి అచ్చరం మన హుక్కు లెక్కనే ఉంటదిరా ఎంకటయ్యా. బస్త గుంజే హుక్కు. దాని ఎన్క తోక ఇంత పొడుగుంటే జాన్సన్ అన్నట్టే."

హుక్కు కనవడంగనే హోటలాయనను అడిగి ఆ ముక్క సింపుకుంటడు. సద్దిల మిగిలిన నాలుగు మెతుకులతోని పాత డైరీల అంటవెడ్తడు. ఆ డైరీ బరువు సూస్తే దానికి గూడ హమాలి పైసలు అడగాలె.

ఒకసారి కొమురెల్లి డైరీ తిరగేసిండు. కొమురెల్లి అంటే మా జట్టుల నోరున్నోడు.

"అన్నా, గిది జాన్సన్ గాదే. జాక్సన్. డాన్సు చేసేటాయన."

రత్నమన్న కాయితం దిక్కు సూసిండు. కొమురెల్లి దిక్కు సూసిండు. బీడి ముట్టిచ్చుకున్నడు.

"మేనమామ దిక్కోడు," అన్నడు.

ఇంగ్లాండుకు జాన్సన్ ప్రధాని అయిన నాడు మార్కెట్ల అందరికి మైసూర్‌పాక్ పంచిండు. ఫోన్ల ఆయన ఫొటో సూశి కొమురెల్లి ఊకుంటడా?

"గంత పెద్దమనిషి, తల దువ్వుకోడేందే అన్నా మీవోడు?"

రత్నమన్న నెత్తికి సుట్టుకున్న తువ్వాల తీసిండు. ఆయన ఎంటికలు గూడ జొన్న సొప్ప లెక్క నిలవడి ఉన్నయి.

"మా ఇండ్లల్ల దువ్వెన ఆగదురా," అన్నడు.

ఆ ప్రధాని దిగిపోయిన నాడు ఒక పూట అన్నం తినలే. "ఎందుకు దించిండ్రే అన్నా?" అంటే, "ఇంటి సంగతులు బజార్ల చెప్పద్దు" అన్నడు.

ఇంకోనాడు కొమురెల్లి గట్టిగనే దొరకవట్టిండు.

"అన్నా, పరుగు పందెంల ఒక జాన్సన్ ఫస్టు వచ్చిండంట. మందులు వాడిండని మూడొద్దులకే మెడల్ వాపస్ గుంజుకున్నరంట. ఆయన గూడ మీవోడేనా?"

ఇయ్యాల దొరికిండు అనుకున్నం.

"మావోడే," అన్నడు రత్నమన్న. "ఇంటికొకడు ఉంటడు గట్ల. నీ ఇంట్ల నువ్వు లేవా? ఎన్కసిరి ఇంకో జాన్సన్ బంగారు రంగు బూట్లేసుకొని ఉరికి, బంగారు మెడల్ తెచ్చిండు. ఇంటి ఇజ్జత్ నిలవెట్టిండు. గది గూడ అడుగు."

కొమురెల్లి బస్త ఎత్తుకున్నడు.

డైరీల అన్నిటికంటె ముంగట ఒక నల్లామె ఫొటో ఉంటది. రాకెట్ల మీద పైకి పోయేటోళ్లకు చేత్తోని లెక్కలు చేసి ఇచ్చిందంట. ఆమె గూడ జాన్సనే. ఆ ఫొటో మీదికెళ్లి మాత్రం ఎవ్వరిని నవ్వనియ్యడు. "మా గ్రేస్‌కు మేనత్త" అంటడు.

గ్రేస్ అంటే హాస్టల్ల పెరిగిన పిల్ల. "మా జాన్సనోళ్ల పిల్ల, అమ్మ నాయిన లేరు" అని రత్నమన్న చెప్తే, తమ్ముని బిడ్డ గావచ్చు అనుకున్నం. పండుగకు పబ్బానికి బట్టలు ఈయననే తెస్తడు. "పెద్దబాపూ" అని పిలుస్తది. ఇప్పుడు ఇరవై నాలుగేండ్లు, ఒక బడిల లెక్కల టీచరు.

మొన్నటి మిర్చి సీజన్ల ఒకనాడు పొద్దటి సంది రత్నమన్న నోరు తెరువలే. కొమురెల్లికి భయమైంది.

"అన్నా, ఆస్ట్రేలియా బౌలర్ జాన్సన్ మూడు వికెట్లు తీసిండంట."

రత్నమన్న ఇంకో బస్త ఎత్తుకున్నడు.

"అన్నా, జాన్సన్!"

"ఉండనీ తియ్యి," అన్నడు.

పదమూడు మందిమి బస్తాలు కింద వెట్టినం. ఇరవై ఏండ్లల్ల ఆ మనిషి జాన్సన్ను కాదనలే.

అప్పుడు చెప్పిండు. గ్రేస్‌ను రఘునాథపల్లి పిల్లగాడు సందీప్ ఇష్టపడ్డడు. ఈ పిల్లకు గూడ ఆ పిల్లగాడంటే పానం. కని సందీప్‌ను సాదింది వాళ్ల మేనత్త సారమ్మ. ఆమె మాటే మాట. "పిల్ల బంగారమే. కని మనుషులు లేని ఇంటికి పిల్లగాన్ని ఎట్ల ఇస్త? రేపు పురుడొస్తది, దవాఖానకు పోవుడొస్తది, మొగుడు పెండ్లాలకు లొల్లయితది. ఈమె తరపున ఎవలొస్తరు? ఆదివారం ప్రార్థన అయినంక వస్త. నా ముంగట పిల్ల తరపోళ్లు కూసోవాలె. లేకుంటే ఈ సంబంధం లేదు" అన్నదంట.

"నేనొక్కన్నే కూసుంటె ఏం సరిపోతదిరా?" అన్నడు రత్నమన్న.

"డైరీల గంతమంది ఉన్నరు గదనే," అన్న నేను. అన్నంక నాలిక కర్సుకున్న.

"వాళ్లు బిజీ ఉంటరు ఎంకటయ్యా."

ఆ నోరున్నోడు కొమురెల్లే నోరు తెరిశిండు.

"మేం సచ్చినమా? పద్నాలుగు మంది జాన్సన్లం కూసుందాం. గా సారమ్మకు కూసునేతందుకు జాగ దొరకద్దు!"

గట్ల మేమంత జాన్సన్లమైనం. నేను చిన్నబాపును, వెంకటయ్య జాన్సన్. ఒగలు బావ, ఒగలు అన్న. కొమురెల్లి మేనమామ అయిత అన్నడు.

"మేనమామకు ఇంటిపేరు వేరే ఉంటదిరా," అన్న నేను.

"అయితే నేను కొమురెల్లి జాక్సన్," అన్నడు.

ఆనాడు రత్నమన్న నవ్విన నవ్వు గదొక్కటే.

అందరం తెల్లంగీలు కుదుర్చుకున్నం. ఇస్త్రీ చేయించినం. ఇంట్ల వెడితే పిల్లలు ఖరాబ్ చేస్తరని, శనివారం మా షెడ్డుల బస్తాల మీద వరుసగ పరిశినం. పైన దుమ్ము పడకుంట తువ్వాల కప్పినం. గంత హుషారిగ ఉన్నం.

ఆదివారం చర్చి పక్క అర్రల పద్నాలుగు మందిమి వరుసగ కూసున్నం. సారమ్మ వచ్చింది. సన్నటి మనిషి, కండ్లద్దాలు. ఎన్క సందీప్, ఇంకో నలుగురు చుట్టాలు. పాస్టరయ్య నడుమ కూసున్నడు. గ్రేస్ కిటికి కాడ నిలవడి మా దిక్కు సూశి కొంగు నోటికి అడ్డం వెట్టుకున్నది. నవ్వుతాందో ఏడుస్తాందో తెలువలే.

"మీరేమైతరు?" అని నన్ను అడిగింది సారమ్మ.

"చిన్నబాపును. వెంకటయ్య జాన్సన్."

"మీరు?"

"మేనమామనమ్మా. జాక్సన్."

"ఏ ఊరు?"

కొమురెల్లి ఊరు ఆలోచన చేసుకోలే. "ఏటూరునాగారం అవతల," అన్నడు. "అడవి దాటాలె."

సారమ్మ ఇంకేదో అడుగవోయి "ఆఛ్!" అన్నది. కండ్లద్దాలు ముక్కు మీదికి జారినయి. పక్క ముసలాయన "ఆఛ్!" సందీప్ "ఆఛ్! ఆఛ్!" పాస్టరయ్య ప్రార్థన చేద్దామని కండ్లు మూసుకొని, "పరలోకమందున్న... ఆఛ్!" అన్నడు. అవతలి దిక్కు మొత్తం తుమ్ములే. మా దిక్కు ఒక్కడు తుమ్మలే. మాకు అలవాటాయె.

సారమ్మ లేశి నా కాడికి వచ్చింది. భుజం మీద అంగి రెండు వేళ్లతోని పట్టి వాసన సూశింది. తర్వాత కొమురెల్లిది. తర్వాత వరుసగ ఇంకో నలుగురివి.

"తేజ మిర్చి," అన్నది. "ముప్పై ఏండ్లు మిర్చి ఏరిన చేతులు నాయి. నాకే చెప్తరా? ఈ చుట్టాలందరు ఒక్క బస్త మీదికెళ్లి లేశొచ్చిండ్రా?"

"మేం చిన్న జాన్సన్లమమ్మా," అన్న నేను. "పెద్దోళ్లు అమెరికాల ఉంటరు."

రత్నమన్న లేశి నిలవడ్డడు. తువ్వాల చేతుల నలుపుతాండు. "అక్కా, వీళ్లంత నా జట్టోళ్లు. నా మాట మీద వచ్చిండ్రు, వాళ్లననకు. కని నేను మాత్రం నిజం జాన్సన్ను. పిల్లకు సొంత పెద్దబాపును. నన్ను సూశి పిల్లను చేసుకోండ్రి."

"సరే," అని ముక్కు తుడుసుకున్నడు పాస్టరయ్య. "పిల్ల తరపు పెద్ద పేరు రాస్త. ఆధార్ కార్డు ఇయ్యి రత్నం."

"తేలే అయ్యగారు."

"ఎందుకు తేలే?" అన్నడు కొమురెల్లి. సాయం జేస్తానని ఆయన జేబుల చెయ్యి వెట్టి, "గిదిగో!" అని తీసి ఇచ్చిండు. గంత అక్కెర ఉన్న మేనమామను ఎక్కడ సూడలే.

పాస్టరయ్య సదివిండు. "సిలువేరు రత్నం."

అర్రల తుమ్ములు సుత ఆగినయి.

సారమ్మ కంటె ముందు మాకే దెబ్బ తాకింది. కొమురెల్లి మొఖం సన్నగైంది. "అంటే అన్నా... గా ఇంగ్లాండాయన నీకు...?"

"ఏం కాడురా," అన్నడు రత్నమన్న, కిందికి సూసుకుంట.

"బంగారు బూట్లాయన?"

"ఆయన గూడ."

"జాక్సన్?"

"ఊకో కొమురెల్లీ!"

అప్పుడు గ్రేస్ కిటికి కాడికెళ్లి ముంగటికి వచ్చింది.

"సారమ్మత్తా, జాన్సన్ను నేనొక్కదాన్నే," అన్నది. "మా హాస్టల్ల ఇంటిపేరు తెలువని పిల్లలకు, ఎన్కట హాస్టల్ కట్టిచ్చిన తెల్లదొర పేరు రాసేటోళ్లు. నేను హాస్టల్ల చేరిన ఏడు ఆ పేరు నాకొక్కదానికే పడ్డది. నాలుగేండ్లున్నయి నాకు. 'నీ పేరోళ్లు ఊర్లనే లేరు' అని పిల్లలంత ఎక్కిరిస్తే మెట్ల మీద కూసోని ఏడుస్తాన. ఈయన బియ్యం బస్త దించుతాండు. బస్త కింద వెట్టి, ఎందుకు బిడ్డా అన్నడు. చెప్పిన. 'ఎవడన్నడు లేరని? నేను జాన్సన్నే' అన్నడు."

రత్నమన్న తువ్వాలతోని మొఖం తుడుసుకున్నడు. చెమట వట్టలే.

"మళ్ల శనివారం పేపర్ ముక్క తెచ్చిండు, గీయన మీ బాబాయి అని. ఆపై శనివారం ఇంకొకలు. లెక్కలు వస్తలేవంటే, రాకెట్ల లెక్కలు చేసిన మేనత్తను తెచ్చిండు. ఆమె మేనకోడలివి, నీకు లెక్కలు రాకుంట ఎట్లుంటయి అన్నడు. అందరికంటె ఎక్కువ చుట్టాలు నాకే అయిండ్రు."

"నీకు ఎరుకేనా బిడ్డా, నేను కానని?" అన్నడు రత్నమన్న.

"ఆరో తర్గతిలనే నీ కార్డు సూశిన పెద్దబాపూ. చెప్తే నువ్వు పరేషాన్ అయితవని చెప్పలే. సందీప్‌కు గూడ ఎరుకే."

సారమ్మ కండ్లద్దాలు తీసి కొంగుతోని తుడిశింది. మళ్ల పెట్టుకున్నది. మా పద్నాలుగు మందిని ఈ కొస నుంచి ఆ కొసకు సూశింది. సంబంధం పాయె అనుకున్న నేను.

"ఆఛ్!" అన్నది. ముక్కు తుడుసుకొని సందీప్ దిక్కు తిరిగింది. "ఈ పిల్లకు మనుషులు లేరని ఎవలన్నర్రా? పద్నాలుగు మంది నా ముక్కులనే ఉన్నరు!"

"నువ్వే అన్నవత్తా," అన్నడు సందీప్.

"నోర్ముయ్యి. పాస్టరయ్యా, రాయుండ్రి." కూసునుకుంట రత్నమన్నను అడిగింది, "మరి గా ఇంగ్లాండాయనను పెండ్లికి పిలుస్తవా తమ్మీ?"

రత్నమన్న మొఖం ఎలిగిపోయింది. "పిలుసుడు మన ధర్మం అక్కా. రాకపోతే ఆయన ఇష్టం."

పెండ్లి కార్డుల 'ఆహ్వానించువారు: జాన్సన్ కుటుంబం' అని వేయించిండ్రు. కింద పద్నాలుగు పేర్లున్నయి. కొమురెల్లి పేరు ఎన్క జాక్సన్ అని ఉన్నది. వాడే ప్రింటింగ్ ప్రెస్సుకు పోయి దగ్గర కూసోని ఏయించుకున్నడు. పెండ్లికి ముంగట మా అంగీలు మూడుసార్లు పిండినం. అయినా దండల కాడ పెండ్లిపిల్లగాడు తుమ్మిండు.

మొన్న చాయ హోటల్ల టీవీల మ్యాచ్ నడుస్తాంది. పక్క టేబుల్ మీద ఎవరో కొత్తాయన, "ఈ జాన్సన్ ఎవడో గని, బాల్ మస్తు ఏస్తాండు!" అన్నడు.

నా నోట్ల చాయ ఉన్నది. అయినా ఆగలే. గుటుక్కున మింగి అన్న:

"మావోడే."

నా ఎన్క టేబుల్ కాడ కాయితం చింపుకుంట, తల ఎత్తకుంటనే రత్నమన్న అందుకున్నడు.

"చిన్నాయిన కొడుకు."