దొరసాని పెట్టిన పేరు

మొన్న ఈ మలాయ్ దేశపు రాజధానిలో, బ్రిక్‌ఫీల్డ్స్‌ పేటలో మా అమ్మాయి ఇంట్లో ఉండగా, కాలేజీలో ఇంగ్లీషు సాహిత్యం చదువుతున్న మనవరాలు ఒక నవల తెచ్చి నా ఒళ్లో పెట్టి, ఇందులో మనిషి వ్యక్తిత్వం గురించీ పెద్దల అధికారం గురించీ వ్యాసం రాయాలి, కాస్త సాయం చెయ్యమంది. అట్ట మారింది గాని నేనెప్పుడో చదివిన పుస్తకమే. విక్టోరియా రాణి కాలంలో ఒక గొప్పింటి బంగళాలో పనిచేసిన పిల్ల కథ. వ్యాసం సంగతి అటుంచి, నాకు నా పదిహేడో ఏడు గుర్తొచ్చింది.

అప్పట్లో బటాంగ్ బెర్జుంటై ఊరి దగ్గరి రబ్బరు తోటలో మా అమ్మ చెట్లకు గాటు పెట్టి పాలు తీసేది. నాన్న నా చిన్నతనంలోనే పోయాడు. బడి చదువులో ఆఖరిదైన ఐదో ఫారం పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న నన్ను అమ్మ తోట మేనేజరు బంగళాలో పనికి కుదిర్చింది. మొదటిరోజే మేనేజరు భార్య, మా అందరికీ దొరసాని, నా పేరడిగి, పైడితల్లి అనగానే నవ్వి, దానికి తన నోరు తిరగదనీ, ఇదివరకటి పనమ్మాయి రాణి గనుక నేనూ రాణినేననీ తేల్చేసింది. ఆవిడ చెడ్డ మనిషేం కాదు, జ్వరమొస్తే మాత్రలిచ్చి ఇంటికి పంపేది. అందుకే కాబోలు, కొన్నాళ్లు నేనూ ఆ పేరుకే పలికాను.

ఆ బంగళాలో పుస్తకాల అలమారా దులుపుతూ, రోజుకు నాలుగైదు పేజీల చొప్పున ఆ నవల చదివాను. అందులో ఏ పనిపిల్ల చేరినా మేరీ అనే పిలుస్తారు. చివరికి ఆ కథలో పిల్ల యజమాని ఎదుట నిలబడి, నా పేరుతో పిలిస్తేనే పలుకుతానంటుంది, వానలో బయటికి గెంటేస్తారు. ఆ పేజీ మూడుసార్లు చదివి, పుస్తకం మూసి, గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

మర్నాడు అతిథుల ముందు దొరసాని రెండుసార్లు రాణీ అని కేకేసినా వెళ్లలేదు. మూడోసారి వెళ్లి, నా పేరు పైడితల్లి, దయచేసి అలాగే పిలవండి అని ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ ముఖం ఎర్రబడింది. సాయంత్రానికల్లా తోట ఆఫీసు గుమస్తా, మా తెలుగువాడే, మా ఇంటికొచ్చి, పొద్దున్నే ఆఫీసుకొచ్చి క్షమాపణ చెప్పకపోతే తోటవాళ్లిచ్చిన ఇల్లు ఖాళీ చెయ్యాలని చెప్పి వెళ్లాడు.

"ఏటే అమ్మీ, పేరు వండుకు తింటామా? ఇల్లు పోతే ఏటి సేస్తాం?" అని అమ్మ ఏడ్చింది. ఎక్కడికైనా పోదాం గాని క్షమాపణ మాత్రం చెప్పనన్నాను.

పొద్దున్న అమ్మ, చెట్లకు గాటు పెట్టే పాలకత్తి చేతిలో ఉండగానే, నన్ను వెంటబెట్టుకుని, చెప్పులు లేని కాళ్లతో ఆఫీసు వరండా ఎక్కింది. అంతకుముందు ఎప్పుడూ ఆ మెట్టు ఎక్కి ఎరగదు.

"పిల్లకి బుద్ధి సెప్పు. దొరసాని కాళ్లట్టుకోమను" అన్నాడు గుమస్తా.

అమ్మ తలొంచుకుంది. ఇక నా పని అయిపోయిందనుకున్నాను.

"బాబూ, దాని పేరు పైడితల్లి. దేశం నించి ఓడెక్కి వచ్చినాది మాయమ్మ, ఆవిడ పేరే నాను దీనికి ఎట్టినాను. పనొద్దంటే మానేస్తాది. పేరు మాత్రం మార్చదు."

లోపలి నుంచి మేనేజరు వచ్చి ఆమె ఏమంటోందని అడిగితే, గుమస్తా అది ఇంగ్లీషులో చెబుతూ నా పేరును ముమ్మారు పలకవలసి వచ్చింది. మేనేజరు, పిల్లకు బంగళా పని వద్దు, ఇల్లు మాత్రం ఉండనివ్వమని గుమస్తాతో చెప్పి లోపలికి వెళ్లిపోయాడు.

పరీక్ష ఫలితాలొచ్చేదాకా అమ్మతో పాటు రబ్బరు పాలు తీశాను. ఆ తర్వాత పంతులమ్మనై, సుంగై పెటానిలో ఉద్యోగమున్నంత కాలం, మలాయ్, చీనా, తమిళ పిల్లల పేర్లన్నీ వాళ్ల ఇళ్లలో పిలిచినట్టే పలకడం పట్టుబట్టి నేర్చుకున్నాను.

ఇప్పుడా తోటంతా పామాయిల్ చెట్లే, మా ఇళ్ల వరుస ఎక్కడుండేదో గుర్తుపట్టలేను. ఈనాటి పిల్లలు పైఅధికారితోనైనా, ఈ దేశపు వాడుకలో మాట చివర లా చేర్చి, కుదరదులా అని నవ్వుతూ అనేస్తారు, వింటే నాకు సంతోషంగానే ఉంటుంది. నన్నూ అందరూ ఎంతో మర్యాదగా టీచర్ అనీ ఆంటీ అనీ అమ్మమ్మా అనీ పిలుస్తారు. అమ్మ పోయాక, పైడితల్లీ అని నిండుగా పిలిచేవాళ్లు మాత్రం ఎవరూ మిగల్లేదు.