చేతి మీద చెయ్యి

విజయనగరం కాంప్లెక్స్‌లో పాలకొండ బస్సు ఎంతకీ రాలేదు. ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని, ఆఫీసు సర్వర్లో పాత ఫైళ్లు చెరిపే కమాండ్ రాశాను. నిద్ర లేక కళ్లు మండుతున్నాయి. ఎంటర్ నొక్కబోతుంటే పక్కాయన నా చేతి మీద చెయ్యి వేశాడు. ఆయన మెడలోనూ ఐడీ కార్డే వేలాడుతోంది.

"కమాండుకి ముందర ఎకో అని కొట్టు తమ్ముడూ. ఏటి సెరిగిపోతాదో సెరపకుండానే సూపిస్తాది."

విసుగ్గానే కొట్టాను. తెర మీద వచ్చిన పేర్లలో పాత ఫైళ్లతోపాటు మా టీమంతా నెలల తరబడి రాసిన కోడ్ కూడా ఉంది.

థ్యాంక్స్ చెప్పబోయాను.

"నాకప్పుడు ఈ ఎకో సంగతి ఎవులూ సెప్పనేదు," అన్నాడు.

ఏం పోగొట్టుకున్నాడో అడిగేలోపే పాతపట్నం బస్సెక్కేశాడు. ఇప్పటికీ, ఎంత అలిసిపోయి ఉన్నా, ఎంటర్ నొక్కేముందు నా చేతి మీద ఆ బరువు తెలుస్తుంది.