గనిలో కునుకు తీసిన డబ్బా

నేను రాసిన ఒక్క లైను ప్రోగ్రాం మా బావ ప్రాణం తీసినంత పని చేసింది. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. బావ బతికే ఉన్నాడు కాబట్టి నవ్వొచ్చు.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. బచ్చన్నపేటలో పుట్టి, హైదరాబాద్‌లో ఓ చిన్న కంపెనీలో చేరి, చిప్పుల చేత పని చేయించే ప్రోగ్రాములు రాసేవాణ్ని. పొగరు మాత్రం ఆ చిప్పులన్నిటినీ నేనే కన్నట్టు ఉండేది. బొగ్గు గనిలో చెడు గాలి తగలగానే మోగే చేతి డబ్బా ఒకటి తయారుచేశాం. దాన్ని మొదట గనిలోకి పట్టుకుపోయింది భూపాలపల్లిలో ఉండే మా అక్క భర్త, సమ్మయ్య బావ.

"ఏం బామ్మర్ది, గిది పక్కా మోగుతదా?"

"మోగుతది బావా. నాది గ్యారంటీ."

"మరి సర్దారు దీపం వెట్టి చూసెదాక ఆగాల్నా?"

గనిలో కూలీల భద్రత చూసే సర్దారు ఖాజా భాయ్ పాత దీపం పట్టుకుని ముందు నడుస్తాడు. మంట కుదురుగా ఉంటేనే మిగతావాళ్లు అడుగేస్తారు. అది అక్కడి పద్ధతి.

"ఇంకా దీపాలేంది బావా? గది తాతల కాలం ముచ్చట," అన్నాను. ఆ మాటకు ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకుంటాను.

మర్నాడు పొద్దుటి షిఫ్టులో బావ దీపం కోసం ఆగలేదు. నా డబ్బా పట్టుకుని పాత సొరంగంలోకి పది అడుగులు వేసి కుప్పకూలాడు. డబ్బా మోగలేదు. వెనకాలే వచ్చిన ఖాజా భాయ్, దీపం మంట చిన్నబోవడం చూసి, ఊపిరి బిగబట్టి, బావ కాలు పట్టుకుని బయటికి ఈడ్చుకొచ్చాడు.

నేను దవాఖానకు చేరేసరికి బావ ముక్కుకు ఆక్సిజన్, అక్క కళ్లు నా మీద. ఖాజా భాయ్ డబ్బా నా చేతిలో పెట్టాడు. పచ్చ లైటు వెలుగుతూనే ఉంది.

"జర చూడు తమ్మీ. గాలి మంచిగనే ఉన్నదంటాంది ఇంకా."

వార్డు బయట బల్ల మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాను. తప్పు దొరకడానికి పది నిమిషాలు పట్టలేదు, అదే మరీ సిగ్గు. చిప్పులో ప్రతి భాగాన్నీ నడిపించేది దాని క్లాకు, అంటే దాని గుండె చప్పుడు. బ్యాటరీ మిగలాలని, పని లేనప్పుడు మోత మోగించే భాగం క్లాకును ఆపేశాను. గాలి చెడితే సెన్సారు చిప్పును తట్టి లేపుతుంది. దాన్నే ఇంటరప్టు అంటాం. అక్కడ రాసిన కోడు చిటికెలో పని ముగించాలి, దేనికోసమూ ఆగకూడదు. ఆపిన క్లాకు మళ్లీ నడవాలంటే ముందు దాన్ని సిద్ధం చేయాలి, తర్వాత ఆన్ చేయాలి. ఆన్ చేయడం క్షణం పని. సిద్ధం చేయడం నిదానం, క్లాకు కుదురుకునేదాకా ఆ కోడు మధ్యలో నిద్రపోయి ఎదురుచూస్తుంది. నేను రెండూ ఇంటరప్టులోనే పెట్టాను. కోడు అక్కడ నిద్రపోయింది, ఇంటరప్టులో పడుకున్నదాన్ని మళ్లీ లేపే దిక్కు లేదు, దాంతో డబ్బా అంతా పచ్చ లైటుతో సహా బిగుసుకుపోయింది. ఆఫీసులో ఎప్పుడూ చార్జరు తగిలించే పరీక్షించాను. చార్జరు ఉంటే క్లాకు ఆగదు, అందుకే అక్కడ గుడిగంటలా మోగింది.

ఇల్లు కాలుతుంటే బావి తవ్వేవాణ్ని లోకం ఎరుగును. తవ్వుతూ తవ్వుతూ అందులోనే కునుకు తీసింది మాత్రం నేనొక్కణ్నే.

ఊరి నుంచి వచ్చిన మా బాపుకు, అంటే నాన్నకు, అంతా చెప్పాను. ఆయన బీడీ తీసి, దవాఖాన అని గుర్తొచ్చి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"మోటరు పైపుల నీళ్లు నింపకుండ స్విచ్చేస్తే ఏమైతది?"

"గాలి గుంజుతది బాపూ."

"మరి మంటలంటుకున్నంక బిందె వట్టుకొని నింపుతవా?"

"లేదు. ముందుగాలనే నింపి పెట్టుకోవాలె."

"గిది నీకు మూడో తరగతిలనే చెప్పిన గదరా."

నిజమే, చెప్పాడు. తర్వాత కోడులో నేను సరిదిద్దింది కూడా అంతే. సిద్ధం చేసే పని డబ్బా ఆన్ కాగానే ముగించి, ఇంటరప్టులో క్లాకు ఆన్ చేయడం ఒక్కటే ఉంచాను.

నాలుగో రోజు బావ కళ్లు తెరిచి మాట్లాడాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన నెత్తి మీద చెయ్యి పెట్టి, "నీ మీద ఒట్టు బావా, ఇంకోసారి గిట్ల చెయ్య," అన్నాను.

ఆ నాలుగు రోజులూ అక్క బావ మంచం పక్క వదల్లేదు. ఇప్పుడు లేచొచ్చి, నా చెయ్యి తీసి నా నెత్తి మీదే పెట్టింది.

"ఆయన మీద వద్దు తమ్మీ. ఈసారి నీ మీద వెట్టుకో."

కాబట్టి పాఠక మహాశయులారా, నా నెత్తి మీద ఒట్టు. ఇంటరప్టులో నిద్రపోయే పని పెట్టను. చార్జరు పీకకుండా పరీక్షించను. ఖాజా భాయ్ దీపం కన్నా ముందు ఎవర్నీ నడవమనను. ఇదంతా రాస్తున్నంతసేపూ ఒక చెయ్యి నెత్తి మీదే ఉంది. టైపు చేయడానికి కష్టంగానే ఉంది గానీ, తీయడానికి ధైర్యం చాలడం లేదు.