మా మావ ‘నార్మల్’ కాలేయం

కాలేయ క్యాన్సర్‌ను స్కానింగులో తొలిదశలోనే ఎలా పట్టుకోవాలో చెబుతూ నేను రాసిన పరిశోధన పత్రాలు ఈపాటికి చాలానే అచ్చయ్యాయి. వాటిని చూసి మెచ్చుకునేవాళ్లెవరూ మూడో పత్రం ఎలా పుట్టిందని అడగరు. అడగకపోయినా చెప్తాను. అలాంటి భంగపాటు పగవాడికి కూడా వద్దు.

అప్పుడు నేను విజయనగరంలో రేడియాలజీ పీజీ చేస్తున్నాను. అప్పటికి రెండు పత్రాల్లో నా పేరు పడింది, అదీ తోకలో. అయితేనేం, మనిషికి కాలేయం ఉందని కనిపెట్టిందే నేనన్నట్టు నడిచేవాణ్ణి. మూడోదాంట్లో మొదటి పేరు నాదేనని మా గైడు మేడం మాటిచ్చారు. కణితి ఉన్న కాలేయం బొమ్మ పక్కన పోల్చి చూపడానికి ఆరోగ్యమైన కాలేయం బొమ్మ ఒకటి కావలసి వచ్చింది.

సరిగ్గా అప్పుడే రాజాం నుంచి మా మేనమామ దిగాడు. ధాన్యం వ్యాపారి. మనిషి నిండు బస్తాలా దిట్టంగా ఉంటాడు. బుద్ధెరిగాక ఆసుపత్రి గడప తొక్కలేదు.

స్కానింగుకి రమ్మంటే, “డాక్టర్ల కాడికెల్తే లేని రోగం అంటగడతార్రా,” అన్నాడు.

“రోగం కోసం కాదు మావా. నీ కాలేయం ఫొటో విదేశీ పుస్తకంలో పడుతుంది.”

“ఫొటోయా? అయితే ఉండు, ఇస్త్రీ సొక్కా ఏసుకొస్తాను.”

తీరా వచ్చాక ఆ చొక్కా విప్పమంటే డీలాపడ్డాడు. పైగా ఖాళీ కడుపుతో రమ్మంటే ఇడ్లీలు లాగించి వచ్చాడు. ఇదేంటి మావా అంటే, “ఇడ్లీ కూడా తిండేనేటి?” అన్నాడు.

అనుమతి కాగితం మీద సంతకం తీసుకుని, కడుపు మీద జెల్ రాసి, స్కాన్ మొదలుపెట్టాను.

“ఎలాగున్నాదిరా?”

“పాఠ్యపుస్తకంలోంచి ఊడిపడినట్టుంది మావా!”

ఆ మాట సాయంత్రానికల్లా రాజాం బజారంతా తిరిగింది.

మర్నాడు మేడం ఆ బొమ్మను తెర మీద పెట్టి, కళ్లజోడు సవరించుకున్నారు. “ఈ నార్మల్ ఎవరిది?”

“మా మావదండి,” అన్నాను గర్వంగా.

“ఇక్కడ, కుడి వైపున, ఈ నల్లటి మచ్చేమిటి?”

“గ్యాసండి. ఇడ్లీ తిని వచ్చాడు.”

“ఇడ్లీ గ్యాసు కాలేయంలోకి ఎలా దూరింది నాయనా?”

రామాయణమంతా రాసి రాముడికి సీత ఏమవుతుందని అడిగినవాడు ఎక్కడైనా ఉన్నాడా? నేనున్నాను. ఊళ్లోవాళ్ల కణితుల మీద పత్రాలు రాసి, సొంత మేనమామ కణితి పక్కన ‘నార్మల్’ అని రాసిన మొనగాణ్ణి. పరువు సంగతి అప్పుడు గుర్తే రాలేదు లెండి.

మావకి ఫోన్ చేశాను. “ఫొటో సరిగ్గా రాలేదు, మళ్లీ రావాలి,” అన్నాను.

“నాను ఆ ఇడ్లీలు తినకుండా ఉండాల్సింది. ఈసారి తిన్నులే,” అన్నాడు పాపం, తప్పంతా తనదే అన్నట్టు.

రంగు మందు ఎక్కించి సీటీ స్కాన్ తీస్తే అది క్యాన్సరేనని తేలింది. ఎప్పుడో ఒంట్లోకి దూరి, చప్పుడు చేయకుండా కూర్చున్న హెపటైటిస్ వైరస్ పని అది. కానీ కణితి చాలా చిన్నది. విశాఖపట్నంలో సర్జన్లు ఆ ముక్క మేరకు కోసి తీసేశారు. ఇంత ముందుగా దొరకడం అదృష్టమన్నారు.

మావ తేరుకున్నాక చుట్టాలందరికీ ఒకటే పాట. “మా అల్లుడే పట్టుకున్నాడు!” ఆ పొగడ్త నా ఒంటి మీద జెర్రిలా పాకింది. వార్డులో ఎవరూ లేనప్పుడు చెప్పేశాను. “మావా, నేను చూడలేదు. గ్యాసనుకున్నాను. చూసింది మేడం.”

మావ నవ్వబోయి, కుట్లు లాగడంతో ఆగాడు. “నాకు తెలుసురా గుంటడా. మేడం గారే సెప్పీసీరు.”

“మరి అందరికీ అలా చెప్తున్నావేంటి?”

“ఆయమ్మ పిలిస్తే నాను ఆ బల్లెక్కుదునేటి? ఎక్కించినోడివి నువ్వే కదా. సూడ్డం రాకపోతే పోనీ, నేర్సుకుంటావులే.”

నేను కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాను. తర్వాత నేర్చుకున్నాను కూడా, మేడం పక్కనే కూర్చుని, ఒక్కో మచ్చా ఆవిడ వేలి వెంట చూస్తూ.

పత్రం అచ్చయింది. మావ కాలేయం కణితి ఉన్న గడిలోకి మారింది. నార్మల్ గడిలోకి మాత్రం మేడం తన కాలేయాన్నే ఇచ్చారు. ఇంకెవరి నార్మల్ తెచ్చినా నన్ను నమ్మలేరట.

ఇప్పుడు నేనే పీజీ పిల్లలకు పాఠాలు చెప్తున్నాను. అయినా మొన్న మా అత్తకి, అంటే ఆ మావ భార్యకి, స్కాన్ చేసి, “అంతా బాగుంది అత్తా,” అంటే ఆవిడ బల్ల మీంచి లేవనేలేదు.

“నువ్వు సెప్పడానికేటిలే బాబూ, మేడం గారు సూసీరేటి?”

కాబట్టి పాఠకులారా, స్కానింగు మిషను మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఇంకొకరు కూడా చూసేదాకా ఏ చుట్టం కాలేయాన్నీ పొగడను, పొగడను, పొగడను.