తిరగేసిన చేయి

వినోద ఎంత పిరికిదో తూంకుంటలో ఆమె వీధివాళ్లంతా ఎరుగుదురు. గ్యాస్ కట్టేసిందో లేదో అని బస్టాపు నుంచి వెనక్కి వచ్చే మనిషి. అలాంటి మనిషికి దొరికిన పని బొమ్మలను కదిలించడం. పెళ్లికి ముందు మేడ్చల్‌లో ఫ్లాష్ నేర్చుకుంది. అప్పట్లో వెబ్‌సైట్లలో ఎగిరే గెంతే బొమ్మలు చాలావరకు దానితో చేసినవే. ఆ ఫ్లాష్ మూలపడ్డప్పుడు తన బతుకూ మూలపడిందని ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని కొత్త సాఫ్ట్‌వేర్ పట్టింది. ఇప్పుడు ఇంట్లో కూర్చుని, తుర్కపల్లిలో ఒక మందుల కంపెనీకి కదిలే బొమ్మలతో భద్రతా పాఠాలు చేస్తుంది. కొత్తగా చేరినవాళ్లు తెర మీద అవి చూశాకే పనిలోకి దిగుతారు.

తమ్ముడు నగేష్ ఈమధ్యే ఆ కంపెనీలో చేరాడు. బతిమాలి చేర్పించింది ఆమే.

ఆ మధ్యాహ్నం అన్నం తింటూ, నిన్న పంపిన పాఠాన్ని ఊరికే మళ్లీ నడిపించింది. యాసిడ్ ట్యాంకుకు చెరోవైపు ఒక వాల్వు. రెండూ ఒకే దిక్కుకు తిప్పితే మూసుకునేవే. ఎడమ వాల్వునూ దాన్ని మూసే చేతినీ గీసి, కుడిదానికి బద్ధకించింది. బొమ్మలవాళ్లంతా చేసేదే, ఎడమదాన్ని కాపీ చేసి అద్దంలోలా తిరగేసింది. దాంతో చేయి తిప్పే దిక్కు కూడా తిరగబడింది. కింద అక్షరాలు ‘మూయండి’ అంటుంటే, పైన చేయి వాల్వు తెరుస్తోంది.

కంచం పక్కకు నెట్టేసింది. రంగులు చూసుకుంది, అక్షరాలు చూసుకుంది. ఇది చూసుకోలేదు.

వెబ్‌లో బొమ్మ మార్చడం చిటికెలో పని. కానీ చూసేసినవాళ్ల సంగతి? నగేష్ ఫోను గేటు దగ్గరే పెట్టేస్తారు. ఆఫీసులో ఎవరూ ఎత్తలేదు. స్కూటీ తీసి కరీంనగర్ రోడ్డెక్కింది. శామీర్‌పేట దాటాక ఎదురుగా అంబులెన్సు కూస్తూ వచ్చింది. ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి.

కంపెనీ గేటు దగ్గర ఆమె కాళ్లావేళ్లా పడితే వాచ్‌మన్ నగేష్‌ను బయటికి పిలిపించాడు.

“ఏమైందక్కా? నాయిన మంచిగున్నడా?”

“వాల్వు ముట్టినవారా?”

“ఇంక ముట్టలే. పొద్దున పాఠం జూసినం. ఇప్పుడు పోవాలె.”

“కుడిదిక్కుది ఎట్ల మూస్తవో జూపియ్యి.”

నగేష్ నవ్వుతూ గాలిలో చేయి తిప్పాడు. అచ్చం ఆమె గీసినట్టే, తెరిచే దిక్కుకు. అక్క ముఖం చూసి నవ్వు ఆపాడు.

“మనింట్ల నల్లా గిట్ల తిరగదు గదా అనుకున్న. నువ్వు జేసిన బొమ్మనాయె, తప్పెట్లుంటది అనుకున్న.”

వినోద ఆ చేతిని రెండు చేతులతో పట్టేసుకుంది. “ఇంకెవరు జూసిండ్రు?”

“మా కొత్తోళ్లందరం.”

గేటు నెట్టుకుని, “పాఠంల తప్పున్నది” అని అరుస్తూ లోపలికి ఉరికింది. సూపర్‌వైజర్ పరేషానై, కొత్తవాళ్లను ట్యాంకు దగ్గరికి పోనీయకుండా ఆపి, కుడి వాల్వు ఎలా మూస్తారో గాలిలో చూపించమన్నాడు. చేతులన్నీ ఒక్కసారి లేచాయి. అన్నీ ఒకే తప్పు దిక్కుకు తిరిగాయి.

“గట్ల కాదు, నాయినా, గట్ల కాదు,” అని ఏడుస్తూ, ఆమే గాలిలో చేయి తిప్పి చూపించింది.