పత్తి చేనుకు దూది మోసిన రోజు

2023లో, పత్తి తీతలు జోరుగా సాగుతున్న రోజులు. మహబూబాబాద్‌లో ఏఆర్‌టీ సెంటర్, అంటే హెచ్‌ఐవీ మందులు ఉచితంగా ఇచ్చే చోట నా కొలువు. మందులకు రావడం మానేసినవాళ్లను మా భాషలో ఎల్‌ఎఫ్‌యూ అంటారు. వాళ్లను వెతికి మళ్లీ దారిలో పెట్టడమే నా పని.

ఊళ్లో ఎవరైనా అడిగితే బీమా ఏజెంటునని చెప్పేవాణ్ని. ఆ మాట వింటే మనుషులే కాదు, కుక్కలు కూడా మొరగడం ఆపి ఇంటి వెనక్కి జారుకునేవి. రహస్యం మాట్లాడుకోవడానికి అంతటి ఏకాంతం హిమాలయాల్లోనూ దొరకదు.

తొర్రూరు వైపు ఒక ఊళ్లో యాదమ్మ మందు ఆపేసింది. పేరు మార్చాను. భర్త లేడు, కూలి చేసుకుని బతికే మనిషి. చేను గట్టున ఒంటరిగా దొరికింది. నా దగ్గర కాజీపేటలో బయలుదేరితే డోర్నకల్ దాకా ఎక్కడా ఆగని ఉపన్యాసం ఒకటుంది. మందు మానేస్తే వైరస్ ఎలా పెరుగుతుందో మొదలుపెట్టాను. ఆమె మొదటి స్టేషన్‌లోనే ఎర్రజెండా ఊపింది.

"గదంత నాకెర్కనే అన్నా. మందు మంచిదే. గా డబ్బకే నోరెక్కువ."

ఉన్నది ఒకటే గది. అందులో ఆడబిడ్డ వెతకని మూల లేదు. అందుకే మాత్రల డబ్బా సద్ది సంచిలోనే ఉండేది. కూలీల ఆటో గుంతలో దిగినప్పుడల్లా గలగలమనేది. మా గుంతలంటే ఎడ్లబండి మునిగేంతవి! ఒకరోజు పక్కన కూర్చున్న లచ్చవ్వ అడిగిందట: "ఏందే యాదీ, సంచిల గజ్జెలు వెట్టుకొచ్చినవా?" సంగతి తెలిస్తే ఆటోలో చోటివ్వరు. చోటు పోతే కూలి పోయినట్టే. ఆ రోజే మందు మానేసింది.

డబ్బాలో దూది కుక్కితే చప్పుడు రాదని నాకు తట్టింది, ఆమెకూ చెప్పాను. శుభ్రమైన పొడి దూదైతే పరవాలేదంది మా నర్సు. మరునాడు మెడికల్ షాపులో బోనం కుండంత దూది చుట్ట కొని, చంకన పెట్టుకుని చేనుకు చేరాను. నలుదిక్కులా పాలసముద్రంలా పత్తి. నడుమ దూదితో నేను.

యాదమ్మ నన్ను చూసింది, చుట్టను చూసింది, చేనును చూసింది. నవ్వు ఆపుకోలేక గట్టు మీద కూలబడింది. ఆ నవ్వుకు లచ్చవ్వ ఒడిలో పత్తితో సహా వచ్చేసింది.

"ఏందే, గా బీమాయిన నీకేం తెచ్చిండు?"

లచ్చవ్వ చూపు యాదమ్మ సద్ది సంచి మీద ఆగింది. నేను చుట్టను వీపు వెనక్కి దాచబోయాను. యాదమ్మే అందుకుంది.

"బీమా నడుస్తలేదంట అవ్వా. పత్తి చేన్ల దూది అమ్మనీకి వచ్చిండు, సూడు!"

చేనంతా గొల్లుమంది. "ఓ అన్నా, బాయికాడికి నీళ్లు గిట్ల తెస్తవా?" అని ఒకామె. "ఎండ తగిలినట్టుంది పాపం, జర సల్ల పొయ్యుండ్రి" అని ఇంకొకామె. లచ్చవ్వ సంచిని మరిచి నాకు మజ్జిగ పోసింది. తల వంచుకుని తాగాను.

"తెచ్చినవ్ గద, జరంత ఇచ్చిపో. దీపానికి వత్తులు చేసుకుంట" అని యాదమ్మ అందరి ముందే దూది తీసుకుంది.

ఆ వారమే సెంటర్‌కు వచ్చింది. డాక్టరు పరీక్షించి మందు మళ్లీ మొదలుపెట్టారు. పోయేముందు డబ్బాను నా చెవి దగ్గర ఊపింది. చప్పుడు లేదు.

ఆ ఊళ్లో ఇప్పటికీ నా పేరు దూదాయనే. ఇప్పుడు ఎవరు మందు మానేసినా నేను రైలు బయలుదేరదీయను. డబ్బా ఎక్కడ పెట్టుకుంటారో అడుగుతాను, ఒకసారి ఊపి వింటాను. అది చెప్పాల్సింది చెప్పాకే నేను నోరు తెరుస్తాను.